ఒక డ్రైవు, ఐదు డిస్కులు: ఛేంజర్‌ని ఆపరేటింగ్ సిస్టం చేత సరిగ్గా నడిపించడం ఎలా

రాజోలు దగ్గర మా మావయ్య స్టూడియో అటక మీద నాలుగు బిస్కెట్ డబ్బాల నిండా వీసీడీలు ఉన్నాయి. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, జగ్గన్నతోట ప్రభల తీర్థం. కోనసీమ తేమకి కొన్నిటి అంచున పూత లేచిపోవడం మొదలైంది. "ఇవన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించి పెట్టరా, నీకు పుణ్యం ఉంటుంది" అన్నాడు. వందల డిస్కుల్ని ఒక్కొక్కటీ చేత్తో పెట్టి తీసే ఓపిక నాకు లేదు. సికింద్రాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఐదు డిస్కులు పట్టి, వాటిని తనే మార్చుకునే పాత స్కజీ ఛేంజర్ ఒకటి దొరికితే తెచ్చేశాను (స్కజీ అంటే కంప్యూటర్‌కి పరికరాలు తగిలించే ఒక పాత పద్ధతి).

మొదటి రోజు ఐదు డిస్కులు పెట్టి, లైనక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టం) ఉన్న పాత డెస్క్‌టాప్‌కి తగిలించి స్విచ్ వేశాను. నేను ఏ ఫైలూ తెరవలేదు. అయినా పెట్టె లోపల ఒకటే గిరగిరా, టకటకా. ఒక డిస్కు లోపలికి, అది బయటికి, ఇంకోటి లోపలికి. పావుగంటైనా ఆగలేదు. మావయ్య వచ్చి "ఏంట్రా, పిండిమర పెట్టావా?" అన్నాడు.

పెట్టెలో లోపమేమీ లేదు. దాన్ని నడిపే సిస్టంకే అదేమిటో అర్థం కాలేదు. ఐదు డిస్కులు కనబడగానే ఐదు డ్రైవులు ఉన్నాయనుకుంది. నిజానికి అందులో చదివే కన్ను ఒక్కటే, మిగతావన్నీ అరలు. ఈ ఒక్క సంగతి సిస్టంకి తెలిసేలా చేస్తే పని సగం అయిపోయినట్టే. దురదృష్టం ఏమిటంటే, ఇది పూర్తిగా తెలిసిన సిస్టం నాకు ఎక్కడా కనబడలేదు. కాబట్టి తెలియని చోట మనమే మధ్యలో కూర్చుని నడిపించాలి. ఎలాగో చెబుతాను.

ముందు మీ పెట్టె ఏ జాతిదో తేల్చుకోండి

ఛేంజర్లలో మూడు జాతులు ఉన్నాయి. దేనికి ఏ మందో తెలియకుండా మొదలుపెడితే రోజంతా వృథా.

మొదటిది, పాత ఐడీఈ కేబుల్‌తో వచ్చే చిన్న ఛేంజర్. మూడో, నాలుగో డిస్కులు పడతాయి. సిస్టంకి ఇది ఒకే డ్రైవుగా కనిపిస్తుంది. లోడ్ అన్‌లోడ్ అనే కమాండ్ పంపితే (హెక్సా అనే పదహారు అంకెల లెక్కలో ఏ6) అడిగిన అరలోని డిస్కు ఎక్కుతుంది. మెకానిజం స్టేటస్ అనే కమాండ్ (హెక్సాలో బీడీ) పంపితే ఏ అరలో డిస్కు ఉంది, ఏ అరలో మారింది అనేది చెబుతుంది. లైనక్స్‌లో ప్రాక్ కింద సిస్, దాని కింద డెవ్, దాని కింద సీడీరామ్ ఫోల్డర్లో ఇన్ఫో అనే ఫైలు తెరవండి. డ్రైవుకి ఎన్ని అరలున్నాయి, డిస్కు మార్చగలదా లేదా అనేది అందులో రాసి ఉంటుంది. మార్చగలిగితే ఎజెక్ట్ కమాండ్‌కి మైనస్ సీ జోడించి అర నంబర్ ఇస్తే చాలు. నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయి, మరిచిపోకండి.

ఈ జాతిలో ఒక తిక్క మనిషి కూడా ఉన్నాడు. సాన్యో మూడు డిస్కుల ఛేంజర్ లోడ్ అన్‌లోడ్ కమాండ్‌తో డిస్కు మార్చదు. 'సిద్ధంగా ఉన్నావా' అని అడిగే టెస్ట్ యూనిట్ రెడీ కమాండ్‌లో 7వ నంబర్ బైట్‌లో (లెక్క సున్నా నుంచి) అర నంబర్ పెట్టి పంపాలి. దీని ఒక్కదాని కోసం లైనక్స్ కెర్నల్‌లో, అంటే సిస్టం గుండెకాయలో, విడిగా కోడ్ రాశారు.

రెండోది మా మావయ్య స్టూడియోలో ఉన్నది. స్కజీ ఛేంజర్. పయనీర్, నకమిచి కంపెనీలు ఇలాంటివి చేసేవి. ఇందులో ప్రతి అరా ఒక లన్, అంటే ఒకే చిరునామాలో వేర్వేరు గది నంబర్లు. సిస్టం ఆ గదుల్ని లెక్కపెట్టి ఒక్కోదానికీ ఒక్కో డ్రైవు పేరు ఇచ్చేస్తుంది. లైనక్స్‌లో ఇలాంటి కొన్ని మోడళ్ల పేర్లతో కెర్నల్ లోపల ఒక జాబితానే ఉంది. ఆ జాబితాలో ఉంటే ఒకేసారి రెండు గదులకి కమాండ్లు పంపదు. కానీ ఒక గది పని అవగానే వెంటనే రెండో గదికి పోతుంది, అది అవగానే మళ్లీ మొదటిదానికి. మా పిండిమర మోతకి కారణం ఇదే.

మూడోది జూక్‌బాక్స్. వంద, రెండు వందల డిస్కుల బీరువా. డిస్కుని పట్టుకెళ్లే చెయ్యి వేరే పరికరం, చదివే డ్రైవు వేరే పరికరం. లైనక్స్‌లో ఎంటీఎక్స్ అనే టూల్‌తో స్టేటస్ అడిగి, లోడ్, అన్‌లోడ్ చేస్తారు. ఇక్కడ అరల నంబర్లు ఒకటి నుంచి, డ్రైవుల నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయి. ఎజెక్ట్ అలవాటుతో ఎంటీఎక్స్ వాడితే పక్కింటి వాళ్ల పెళ్లి కాపీ అవుతుంది.

డిస్కుని తడిమే చేతులన్నీ కట్టేయండి

విండోస్ 95 కాలంలో చిన్న ఛేంజర్ తగిలిస్తే ఒక్కో అరకీ ఒక్కో డ్రైవ్ అక్షరం వచ్చేది. ఈ, ఎఫ్, జీ, హెచ్ అని వరసగా. చూడ్డానికి బాగుంటుంది. కానీ డ్రైవ్ అక్షరం కనబడితే ప్రతి ప్రోగ్రామూ దాన్ని తట్టి చూస్తుంది. ఒకటి డిస్కు పేరు కావాలంటుంది, ఒకటి బొమ్మ కావాలంటుంది, యాంటీ వైరస్ 'లోపలేముంది' అంటుంది. మామూలు డ్రైవులో ఇలా తట్టడానికి ఖర్చేమీ లేదు. ఛేంజర్లో ఒక్కో తట్టుకీ ఒక డిస్కు దిగి, ఇంకో డిస్కు ఎక్కాలి.

నన్నడిగితే ఆపరేటింగ్ సిస్టం పాటించాల్సిన మొదటి నియమం ఇది: మనిషి అడగకుండా ఏ డిస్కునీ కదపకూడదు. ఇప్పుడు కన్ను కింద ఉన్న డిస్కు గురించి ఎన్నిసార్లయినా అడగొచ్చు. అరలో ఉన్నదాని జోలికి పోకూడదు.

ఇప్పటి లైనక్స్‌లో దీన్ని చేత్తో సాధించాలి. మూడు పనులు చేయండి. ఛేంజర్ డ్రైవులన్నిటినీ యూడిస్క్స్ (డిస్కుల్ని చూసుకునే సేవ) పట్టించుకోకుండా యూడెవ్‌లో (పరికరాలకి నియమాలు పెట్టే చోట) ఒక రూల్ రాయండి. దాంతో డిస్కు కనబడగానే సిస్టం తనంతట తాను తెరిచేసే ఆటోమౌంట్ ఆగుతుంది. తర్వాత కెర్నల్ తనంతట తాను 'డిస్కు మారిందా, మారిందా' అని అడిగే పోలింగ్ ఆపండి. సిస్ కింద బ్లాక్ ఫోల్డర్లో, మీ డ్రైవు పేరు కింద ఈవెంట్స్ పోల్ ఎంసెక్స్ అనే ఫైలు ఉంటుంది. అందులో సున్నా రాస్తే ఆ డ్రైవు వరకు పోలింగ్ ఆగిపోతుంది. చివరగా, డెస్క్‌టాప్‌లో ఫైళ్లని వెతికి ఇండెక్స్ చేసే ప్రోగ్రాం ఉంటే దాన్ని ఆ డ్రైవుల వైపు పోనివ్వకండి.

ఇవి మూడూ చేశాక మా పెట్టె నోరు మూసుకుంది. మావయ్యకి అనుమానం వచ్చి "పాడైపోయిందా?" అన్నాడు.

చిట్టా రాయండి

ఏ అరలో ఏముందో ప్రతిసారీ డిస్కు ఎక్కించి చూడకూడదు. ఒకసారి చూసి రాసిపెట్టుకోవాలి. కొట్లో సరుకు ఎంతుందో తెలుసుకోడానికి ప్రతిసారీ గోడౌన్ తాళం తీయం కదా, చిట్టా చూస్తాం.

డిస్కు మొదటిసారి కన్ను కింద పడినప్పుడు 16వ సెక్టార్ చదవండి (సెక్టార్ అంటే డిస్కులో ఒక చిన్న ముక్క). డేటా సీడీకైనా, వీసీడీకైనా ఐఎస్ఓ 9660 (సీడీలో ఫైళ్లు అమర్చే పద్ధతి) వివరాలు అక్కడే మొదలవుతాయి. అందులో 32 అక్షరాల డిస్కు పేరు, డిస్కు తయారైన తేదీ, సమయం, మొత్తం సైజు ఉంటాయి. వీటితో పాటు ఫోల్డర్ల జాబితా మొత్తం ఒకేసారి చదివేసి దాచండి. ఎంత పెద్ద డిస్కుకైనా జాబితా చిన్నదే.

పేరు ఒక్కదాన్నే నమ్మితే మునిగిపోతారు. స్టూడియో వాళ్లు డిస్కు రాసేటప్పుడు పేరు ఎవరూ మార్చరు, సాఫ్ట్‌వేర్ ఏది పెడితే అదే. మా డబ్బాలో సగం డిస్కులకి ఒకటే పేరు. అందుకే పేరు, తయారైన సమయం, సైజు మూడూ కలిపి ఒక గుర్తుగా పెట్టుకోండి. ఒకే పెళ్లికి మూడు కాపీలు తీసి ఉంటే ఆ మూడూ కూడా ఒకటిగా కనబడొచ్చు. అప్పుడు మొదటి కొన్ని వందల సెక్టార్ల చెక్‌సమ్ (లోపలి సమాచారాన్నంతా లెక్కకట్టి తీసిన ఒక గుర్తు సంఖ్య) కూడా చేర్చండి. అది కూడా సరిపోతే అవి నిజంగా కాపీలే. ఒకటి కాపీ చేస్తే చాలు, రెండోది గీతలు పడితే ఆదుకోవడానికి ఉంచండి.

చిట్టాలో అర పక్కన నాలుగు మాటల్లో ఏదో ఒకటి రాయాలి: ఖాళీ, తెలిసినది, ఉంది గానీ ఇంకా చూడలేదు, చదవడం లేదు. మామూలు సిస్టంలకి 'ఉంది', 'లేదు' అనే రెండు మాటలే వచ్చు. 'ఉంది గానీ చూడలేదు' అనే మాట లేకపోవడం వల్లే అవి అన్ని డిస్కుల్నీ ఎక్కించి చూడాలని ఆరాటపడతాయి.

వంతులు పెట్టండి

అసలు పని ఇక్కడ ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

మా పెట్టెలో ఒక డిస్కు దింపి, ఇంకోటి ఎక్కించి, అది వేగం అందుకుని చదవడానికి సిద్ధం కావడానికి సుమారు 12 సెకన్లు పడుతుంది. ఇప్పుడు రెండు ప్రోగ్రాములు ఒకేసారి కాపీ మొదలుపెట్టాయనుకోండి. ఒకటి రెండో అరలోని డిస్కుని, ఇంకోటి ఐదో అరలోని దాన్ని. 74 నిమిషాల డిస్కులో సెకనుకి 75 చొప్పున 3,33,000 సెక్టార్లు ఉంటాయి. ఒక్కోసారి 32 సెక్టార్లు అడిగితే డిస్కుకి 10,400 సార్లు పైచిలుకు అడగాలి. సిస్టం అమాయకంగా దీనికొకటి, దానికొకటి ఇస్తూ పోతే మొత్తం 20,800 సార్లు డిస్కు మార్చాలి. 12తో గుణించండి. 69 గంటలు, అంటే దాదాపు మూడు రోజులు. ఆ మూడు రోజులు పూర్తయ్యేలోపే పెట్టెలో బెల్టు తెగుతుంది.

అవే రెండు డిస్కుల్ని ఒకదాని తర్వాత ఒకటి 4ఎక్స్ వేగంతో, అంటే మామూలుకి నాలుగు రెట్లు, చదివితే ఒక్కోదానికి 18 నిమిషాల 30 సెకన్లు. రెండిటికీ 37 నిమిషాలు, మధ్యలో ఒక్క మార్పు.

దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరిలో నీళ్లు తగ్గితే మన డెల్టాలో ఏం చేస్తారు? అన్ని బోదెలకీ (పిల్ల కాలువలకీ) కొంచెం కొంచెం వదలరు. అలా వదిలితే శివారు పొలానికి చుక్క అందదు. వంతులు పెడతారు. ఈ బోదెకి ఇన్ని రోజులు, తర్వాత ఆ బోదెకి. లస్కరు (కాలువ చూసుకునే మనిషి) షట్టర్ ఎత్తితే వంతు అయ్యేవరకు దించడు. ఛేంజర్లో ఉన్నది కూడా ఒక కాలువ, ఐదు బోదెలు. సిస్టం లస్కరులా ఉండాలి.

ఇలా ఆలోచించిన వాళ్లు లేకపోలేదు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టంలో సీడీ డ్రైవర్ లోపల ఈ లన్ ఛేంజర్ల కోసం వంతుల పద్ధతి ఉండేది. కనీసం 5 సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 15 సెకన్లు అని రెండు అంకెలు, మనం మార్చుకునే వీలుతో. ఈ పరికరాలు వాడేవాళ్లు తగ్గిపోయాక తర్వాత ఆ కోడ్ తీసేశారు. ఆలోచన మంచిదే, కానీ మా పెట్టెకి ఆ అంకెలు చాలవు. 15 సెకన్లు చదవడానికి 12 సెకన్లు మార్పుకి పోతే దాదాపు సగం కాలం షట్టర్ ఎత్తడం, దించడంలోనే అయిపోతుంది. వంతు ఒక నిమిషం చేస్తే ఆరింట ఒక వంతు నష్టం. 5 నిమిషాలు చేస్తే నూటికి నాలుగు కూడా పోదు. కాబట్టి ముందు మీ పెట్టె మార్పుకి ఎంతసేపు తీసుకుంటుందో వాచీ పెట్టి కొలవండి. దానికి ఇరవై, ఇరవై అయిదు రెట్లు వంతు పెట్టండి. కాపీ పని అయితే వంతు కూడా వద్దు, డిస్కు మొత్తం అయ్యాకే దించండి.

వంతు మధ్యలో ఎవరైనా వేరే డిస్కులోంచి చిన్న ఫోటో ఒకటి అడిగితే? మా మావయ్య సరిగ్గా ఇదే చేస్తాడు. కాపీ నడుస్తుంటే వచ్చి "ఆ మలికిపురం వాళ్ల ఫోటో ఒక్కటి తియ్యి" అంటాడు. దీనికి రెండు వైపులా కలిపి 24 సెకన్లు ఖర్చు. ఒక్కసారికి పర్వాలేదు, ఇవ్వండి. కానీ అలాంటి అడుగులు, అంటే అడిగిన పనులు, నాలుగైదు పోగయ్యేదాకా కొద్దిసేపు ఆపి, ఒకే డిస్కువి ఒకేసారి తీర్చండి. మనిషి ఎదురుచూస్తున్నాడు కాబట్టి ఆ ఆపడం నిమిషం దాటకూడదు.

తర్వాత ఏ డిస్కు ఎక్కించాలి? హార్డ్ డిస్కు అలవాటుతో దగ్గరి అర ముందు అనుకుంటారు. అక్కర్లేదు. ఛేంజర్లో పక్క అరకి వెళ్లినా, దూరపు అరకి వెళ్లినా తేడా ఒకటో రెండో సెకన్లు. దింపడం, తిప్పడం, వేగం అందుకోవడం, వీటికే అసలు సమయం. అందుకని ఎక్కువసేపటి నుంచి ఎదురుచూస్తున్న వాళ్లకి ముందు ఇవ్వండి, గొడవుండదు.

ఇంకొక్కటి. ఇప్పుడున్న డిస్కుకి అడుగులు అయిపోయిన మరుక్షణమే దాన్ని దించేయకండి. చదివే ప్రోగ్రాం ఒక ముక్క తీసుకుని, దాన్ని హార్డ్ డిస్కులో రాసి, తర్వాతి ముక్క కోసం మళ్లీ వస్తుంది. ఆ అర సెకను ఖాళీని చూసి 'అయిపోయింది' అనుకుంటే మళ్లీ మూడు రోజుల లెక్కే. సఖినేటిపల్లి రేవులో పంటు కదలబోతూ, గట్టు దిగుతున్న బైకు కనబడితే ఒక్క క్షణం ఆగుతుంది చూడండి. అలా రెండు మూడు సెకన్లు ఆగాలి.

మౌంట్ చేసేది డిస్కుని, డ్రైవుని కాదు

ఎజెక్ట్ కమాండ్ మాన్యువల్‌లో ఒక మాట ఉంటుంది: డ్రైవు వాడుకలో ఉంటే, అంటే మౌంట్ అయి (ఫైళ్లు చదవడానికి వీలుగా ఒక ఫోల్డర్‌గా తగిలించి) ఉంటే, అర మార్చడం కుదరదని. కెర్నల్ కూడా అంతే, డ్రైవుని ఇద్దరు తెరిచి ఉంటే 'బిజీ' అని వెనక్కి పంపేస్తుంది. మౌంట్ అనేది డ్రైవుకి కట్టిన తాడు అనుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. మామూలు డ్రైవులో డ్రైవు, డిస్కు ఒకటే కాబట్టి సరిపోయింది. ఛేంజర్లో డిస్కు అరలోకి వెళ్లినా అది పెట్టెలోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. సీడీ మీద రాసేదేమీ లేదు కాబట్టి మధ్యలో దించితే పాడయ్యేది కూడా లేదు. మౌంట్ అలాగే ఉండాలి, ఎవరైనా ఫైలు చదవబోతే డిస్కు ఎక్కేవరకు వాళ్లు ఆగాలి, అంతే.

దీన్ని మనం ఫ్యూజ్‌తో చేసుకోవచ్చు. మామూలు ప్రోగ్రాంతో ఫైల్ సిస్టం తయారుచేసుకునే సౌకర్యం అది, పైథాన్‌లో కూడా రాయొచ్చు. పద్ధతి ఇలా. ఒకే ఒక్క ప్రోగ్రాం ఛేంజర్‌ని పట్టుకుని ఉంటుంది, ఇంకెవరినీ దగ్గరికి రానివ్వదు. అది ఒక ఫోల్డర్ చూపిస్తుంది. అందులో 'పాలకొల్లు పెళ్లి 1', 'ప్రభల తీర్థం' అని డిస్కుకో ఫోల్డర్. ఎవరైనా ఫోల్డర్ తెరిస్తే జాబితా చిట్టాలోంచి వెంటనే ఇచ్చేస్తుంది, డిస్కు కదలదు. ఫైలు తెరిచి చదివితేనే ఆ అడుగు లైన్లో చేరుతుంది. వంతుల లెక్కంతా ఈ ప్రోగ్రాంలోనే పెట్టండి.

ఇక్కడ నేను ఒక రోజంతా పోగొట్టుకున్న చోటు చెబుతాను. లైనక్స్‌లో సీడీ డ్రైవుకి పంపిన కమాండ్ 30 సెకన్లలో పూర్తి కాకపోతే డ్రైవు చచ్చిపోయిందనుకుని రీసెట్ చేస్తుంది. మార్పుకి 12 సెకన్లు, మురికి డిస్కు అయితే వేగం అందుకోడానికి ఇంకో పదో ఇరవయ్యో. గడువు దాటుతుంది. రీసెట్ పడితే పెట్టె మొదటి నుంచి అరలన్నీ లెక్కపెట్టుకుంటుంది. ఇంతలో రెండో కమాండ్ గడువు కూడా దాటుతుంది. మీకు మాత్రం స్క్రీన్ మీద 'ఐఓ ఎర్రర్' అని కనబడుతుంది, డిస్కు పోయిందని బాధపడతారు. సిస్ కింద బ్లాక్‌లో ఆ డ్రైవు పేరు, దాని కింద డివైస్ ఫోల్డర్లో టైమౌట్ అనే ఫైలు ఉంది. 30 తీసి 120 పెట్టండి. అలాగే డిస్కు మార్చాక ముందు ఒక్క సెక్టార్ చదివి, అది వచ్చాకే అసలు పని మొదలుపెట్టండి.

లైన్లో నిలబడ్డ సమయాన్ని గడువులో లెక్కపెట్టకూడదు. ఫైల్ మేనేజర్ స్తంభించిపోకుండా 'డిస్కు మారుతోంది, మీ ముందు ఇద్దరున్నారు' అని ఒక చిన్న మాట చూపిస్తే చాలు, మనిషి ఆగుతాడు. ఏమీ చెప్పకపోతేనే టెన్షన్, పదిసార్లు క్లిక్ చేస్తాడు.

తలుపు తీస్తే

ఎవరైనా మ్యాగజైన్ (డిస్కుల అరలుండే డబ్బా) బయటికి లాగి మళ్లీ పెడితే, తర్వాతి కమాండ్‌కి ఛేంజర్ 'డిస్కు మారి ఉండొచ్చు' అని జవాబిస్తుంది. అప్పుడు చిట్టా మొత్తం చెరిపేయకండి, అన్నీ మళ్లీ ఎక్కించి చూడకండి. అన్ని అరల పక్కనా ఒక అనుమానం గుర్తు పెట్టండి. ఆ అర అవసరం వచ్చినప్పుడు ఎలాగూ ఎక్కిస్తారు, అప్పుడు గుర్తు సరిచూడండి. సరిపోతే అనుమానం తీసేయండి, లేకపోతే కొత్త డిస్కుగా రాయండి. పాత డిస్కు ఫైలు ఎవరైనా తెరిచి ఉంటే వాళ్లకి ఎర్రర్ ఇవ్వాలి. పొరపాటున కూడా కొత్త డిస్కులోని ముక్క ఇవ్వకూడదు.

పాడైన డిస్కు లైనుని ఆపకుండా

గీతలు పడ్డ డిస్కు ఒకటి చాలు, రాత్రంతా కన్ను దాని మీదే తచ్చాడుతుంది. మిగతా నాలుగూ ఖాళీగా కూర్చుంటాయి. నేను రెండు విడతలుగా చేస్తాను. మొదటి విడతలో ఎక్కడ చదవకపోతే అక్కడ వదిలేసి ముందుకు పోవడమే, రెండోసారి ప్రయత్నం లేదు. మంచి డిస్కులన్నీ అయ్యాక, చెడ్డవి మాత్రమే ఏరి, శుభ్రం చేసి, రెండో విడతలో మొండిగా ప్రయత్నిస్తాను. డేటా సీడీలకి డీడీరెస్క్యూ అనే టూల్ ఈ పని చక్కగా చేస్తుంది. ఏ సెక్టార్ వచ్చింది, ఏది రాలేదు అని ఒక మ్యాప్ ఫైల్ రాసుకుంటుంది కాబట్టి ఇవాళ ఆపి రేపు కొనసాగించొచ్చు. బ్లాక్ సైజ్ 2048 ఇవ్వండి.

వీసీడీలకి అది చాలదు. వీసీడీలో వీడియో ఉన్న సెక్టార్లు వేరే రకం. ఒక్కో సెక్టార్లో 2048కి బదులు 2324 బైట్లు వీడియో ఉంటుంది, తప్పులు దిద్దుకునే అదనపు పొర ఉండదు. ఆ పొర తీసేసి దొరికిన జాగాలో వీడియో నింపారన్నమాట. మామూలు ఐఎస్ఓ కాపీకి ఈ భాగం రాదు. సీడీఆర్‌డీఏఓ అనే టూల్‌తో రా పద్ధతిలో, అంటే ఉన్నదున్నట్టు, మొత్తం డిస్కు తీయండి. దిద్దే పొర లేదు కాబట్టి చిన్న మచ్చ ఉన్నా తెర మీద గళ్లు గళ్లుగా కనబడుతుంది. అక్కడ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టడం కన్నా డిస్కు తుడవడం లాభం. మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా వద్దు.

పైన కాగితం లేబుల్ అంటించిన డిస్కుల్ని ఛేంజర్లో పెట్టకండి. తేమకి ఆ కాగితం అంచు లేస్తుంది, లోపల ఇరుక్కుంటుంది. మా మావయ్య ప్రతి పెళ్లి డిస్కుకీ పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఫోటో లేబుల్ అంటించాడు! అవన్నీ మామూలు ట్రే డ్రైవులో చేత్తోనే చేశాను.

కరెంటు పోతే

మా వైపు వర్షాకాలంలో ఇది రోజువారీ సంగతి. మార్పు మధ్యలో కరెంటు పోతే డిస్కు అరకీ కన్నుకీ మధ్య ఉండిపోతుంది. కరెంటు వచ్చాక చాలా పెట్టెలు తామే సర్దుకుంటాయి, ఒకటి రెండు నిమిషాలు ఏ కమాండూ పంపకుండా ఆగండి. జూక్‌బాక్స్ అయితే డ్రైవులో ఉన్న డిస్కు ఏ అర నుంచి వచ్చిందో స్టేటస్‌లో చెప్పగలదు, దాన్ని అక్కడికే పంపండి. చెప్పలేకపోతే చిట్టాలో చివర రాసిన వరస చూడండి. అందుకే చిట్టాలో 'ఎక్కిస్తున్నాను' అని మార్పుకి ముందే రాసి, అయ్యాక 'ఎక్కింది' అని రాయాలి. మార్పు అయ్యాక మాత్రమే రాస్తే, కరెంటు పోయిన రోజు ఆ చిట్టా అబద్ధం చెబుతుంది.

సిస్టం మొదలయ్యేటప్పుడు అన్ని అరలూ చూడాలని ఆత్రపడకూడదు. పాత చిట్టా తెరిచి, అన్నిటికీ అనుమానం గుర్తు పెట్టి, ఊరుకోవాలి. విండోస్ 2000లో ఇలా లైబ్రరీల జాబితా ఉంచుకునే రిమూవబుల్ స్టోరేజ్ అనే సేవ ఉండేది, విండోస్ 7కి వచ్చేసరికి దాన్ని తీసేశారు. కాబట్టి ఇప్పుడు విండోస్‌లో చేయాలన్నా సొంత ప్రోగ్రామే గతి. నా మాట వింటే లైనక్స్‌లో చేయండి.

పెట్టెని వేరే ఊరు తీసుకెళ్లాలంటే

డ్రైవులో ఉన్న డిస్కుని ముందు దాని అరలోకి పంపండి, మ్యాగజైన్ బయటికి తీసేయండి, ఆ తర్వాతే స్విచ్ ఆపండి. కన్ను కింద డిస్కు ఉండగా ఆటోలో వేసుకుని చించినాడ వంతెన దాటించాను ఒకసారి. పాలకొల్లులో దింపేసరికి డిస్కు లోపల పక్కకి ఒరిగి ఉంది. మూత విప్పి తీయడానికి నాలుగు మరలు, గంటన్నర పట్టింది. డిస్కు మీద మాత్రం గీత పడలేదు. ఎవరిదో పెళ్లి, అప్పగింతల దగ్గర ఆగి ఉంది.